ఇవాళ ఎవరు దాటారు

లైను కదలట్లేదు. ముందున్న ఎర్ర లారీవాడు ఇంజను ఆపేసి కాళ్ళు ఎత్తి అద్దం కింద పెట్టుకున్నాడంటే ఇక ఇప్పట్లో కదలదనే అర్థం. గోదాములో గింజని పైకి లాగే బెల్టు తెగిందట. కాటా దగ్గర కూర్చునే పిల్ల బండిబండికీ వచ్చి చెప్పి పోయింది, కాస్త ఓపిక పట్టండమ్మా అని. ఓపికట. నాకు చెబుతోంది ఓపిక గురించి. టెక్సస్‌లో మొదలుపెట్టి ఈ మోంటానా దాకా, గోధుమ ఎక్కడ పండితే అక్కడికి, ఒకరి పొలం తర్వాత ఒకరి పొలం కోసుకుంటూ, చక్రాల మీద ఇంట్లో వండుకుంటూ, ఆ ఇంట్లోనే భోజనాల బల్ల తుడిచి దాని మీదే పిల్లకి పాఠాలు చెప్పుకుంటూ వచ్చినదాన్ని. ఓపిక నా దగ్గర బోలెడుంది. లేనిది టైము. ఇది చివరి పొలం. పొద్దు వాలేలోగా మార్లిస్ వదిన దిగుతుంది, మా ఆయన అక్క, కాన్సస్ నుంచి కారు తోలుకుని. మా అమ్మాయి బ్రిట్టాను తీసుకుపోతుంది. సోమవారం నుంచి బడి. గంట కొట్టే బడి, వరసగా బల్లలుండే బడి. అది అడిగిందే. అదే నోరు తెరిచి అడిగింది. నేనేమో ఇక్కడ లారీలో గింజ మీద పడ్డ మిడతలా కూర్చున్నాను, ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

పుస్తకం నా ఎదురుగానే ఉంది, అద్దం దగ్గర, ఎండకి అట్ట ఇంకాస్త వంకరపోతూ. మా అమ్మమ్మది. నాకు పుస్తకం అంటే ముందు దీని వాసనే గుర్తొస్తుంది. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. పొద్దున చదివేసేదాన్ని. రోజూ పొద్దున మంచు ఆరేదాకా గోధుమ తడిగా ఉంటుంది, కోత మిషన్లు ఖాళీగా నిలబడి ఉంటాయి, అప్పుడే నేను చదివేది. ఇవాళ మంచే పడలేదు. ఎక్కడో అడవులు తగలబడి రాత్రంతా పొగ కమ్మేసి, తెల్లారేసరికి గోధుమ పెళపెళలాడుతోంది. మా ఆయన గేలెన్ టీ కూడా సగమే తాగి మిషనెక్కేశాడు. ఒక్క తడి పొద్దు ఇస్తే ఏం పోయింది దేవుడికి అనుకున్నాను. ఊరంతా ఎండ కావాలని మొక్కుకుంటుంటే నేనొక్కదాన్ని మంచు కోసం ఏడుస్తున్నాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

బేరం మేలో పెట్టుకున్నాం, టెక్సస్‌లో. గిన్నెలు కడుగుతున్నాను, అది తుడుస్తోంది. అమ్మా నేను అత్త దగ్గరుండి బడికి పోతాను అంది, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. నా చేతిలో గిన్నె జారలేదు, ఏమీ జరగలేదు, కుళాయి పోతూనే ఉంది. ఎందుకే అన్నాను. నీతో చదవడం నా వల్ల కాదమ్మా అంది. చదువు అనలేదు. నీతో చదవడం అంది. నేనప్పుడు ఏదో ఒకటి అనాలి కాబట్టి, నోట్లోకి వచ్చిందే అన్నాను. ఈ కోతలు అయ్యేదాకా ఆగు, ఒక్క పుస్తకం, ఒకే ఒక్కటి, నేను చదువుతాను నువ్వు విను, చివరికొచ్చేసరికి తర్వాతేమైందో తెలుసుకోవాలని నీకు లేకపోతే పో, నేను అడ్డం రాను, ఉంటే మాత్రం చలికాలం నా దగ్గరే. అది గుడ్డ పిండి ఆరేస్తూ, సరే, నువ్వే ఓడిపోతావ్ అంది. దాంట్లో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

ఎవరైనా వింటే ఈ పిల్లకి అక్షరాలు రావేమో అనుకుంటారు. నాలుగేళ్ళకే చదివేసింది, నూనె డబ్బాల మీద పేర్లు, లారీల వెనక రాతలు. కోత మిషన్ పాడైతే ఆ లావుపాటి పుస్తకం తీసి ఏ పళ్ళచక్రం ఏ పేజీలో ఉందో వాళ్ళ నాన్నకంటే ముందు చెబుతుంది. కథ అనేసరికి మూతి ముడుచుకుంటుంది. చిన్నప్పుడు ఇలా కాదు. నా ఒళ్ళో కూర్చుని, నేను పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది, ఇంకా అవలేదు, ఆ కుక్కని ఇంకా చూడలేదు అని. ఆ వేళ్ళు ఇప్పటికీ నా మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది. తర్వాత ఏమైంది? తర్వాత నేను ఆ సభలకి పోయాను. ఇళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పుకునే తల్లులందరం చలికాలంలో చర్చి కింద హాల్లో చేరేవాళ్ళం, తలా ఒక వంటకం పట్టుకుని. అక్కడ అందరూ ఒకటే మాట. చదివి వినిపించు, తర్వాత పిల్లని తిరిగి చెప్పమను. ప్రశ్నలు వద్దు, పరీక్షలు వద్దు, విన్నది తన మాటల్లో తిరిగి చెబితే చాలు, అదే చదువు. ఎంత బాగుంది అనుకున్నాను. ఇప్పుడూ బాగుందనే అంటాను. ఎంతమంది పిల్లలు దాంతో పైకొచ్చారో నాకు తెలుసు. నేను చేసిందల్లా ఇంకొంచెం అడగడమే. గుర్రం ఏ రంగు బ్రిట్టా? అన్న పేరు మర్చిపోయావే? అది తర్వాత జరిగింది కదా, ముందు ఏమైంది? ఇందులో తప్పేముంది, సరిగ్గా చెప్పమనడం తప్పా. పిల్ల మాటలు ఏడాదికేడాదికీ తగ్గిపోయాయి. ఒకసారి నెలంతా గొంతు పోయేలా చదివాను, రాజులు, ఓడలు, కోట ముట్టడి. ఏమైందో చెప్పవే తల్లీ అంటే, యుద్ధం, అందరూ పోయారు, ముసలావిడ ఏడ్చింది అంది. గేలెన్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను కాసేపు. తర్వాత బాత్‌రూములోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను, ఆ ముసలావిడలాగే.

చెయ్యనిది లేదు. గుర్రాల కథలు తెచ్చాను, దానికి గుర్రాలంటే పడదు. ట్రాక్టర్లున్న కథ వెతికి తెచ్చాను, ఒక పేజీ చూసి, వీడు క్లచ్ తొక్కకుండా గేరు ఎలా మార్చాడు అని మూసేసింది. కోతలకి దిగిన ప్రతి ఊళ్ళోనూ లైబ్రరీకి ఈడ్చుకుపోయాను, అక్కడ చల్లగా ఉంటుందని వచ్చేది, కుర్చీలో నిద్రపోయేది. మధ్యాహ్నం పొలానికి పంపే డబ్బాలో క్యాబేజీ, మాంసం కూరిన బన్నుల కింద ఒక సన్నపాటి పుస్తకం పెట్టి పంపాను. సాయంత్రం డబ్బా తిరిగొచ్చింది, పుస్తకం మీద ఆవపిండి ముద్ద. బన్ను దాని మీద పెట్టుకుని తిన్నదట, పళ్ళెంలాగా. మార్లిస్ వదిన ఫోన్లో అంది, నువ్వు దానికి పుస్తకాన్ని కషాయంలా పట్టిస్తున్నావ్ ట్వైలా, ముక్కు మూసి మరీ. వదినకి పిల్లల్లేరు. పిల్లల్లేనివాళ్ళకి పిల్లల్ని పెంచడం బాగా తెలుసు. అలా అనకూడదు. మంచిదే వదిన. బ్రిట్టా గదికి కొత్త కర్టెన్లు కుట్టించిందట, పసుపువి. ఫోన్లో బ్రిట్టా ఆ కర్టెన్ల గురించి ఎంతసేపు మాట్లాడిందో. ఎక్కడ మడత పెట్టాలో, ఎంత పొడవుండాలో. దానికి మాటలు రావని కాదు.

ఇక సెట్టులో చదవడం నాకు తట్టిందే. మా బండ్లన్నిటికీ తలా ఒక వైర్‌లెస్ సెట్టుంది, బటన్ నొక్కి మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది. గేలెన్ ఒక మిషన్ మీద, ముసలి డెల్మర్ ఇంకో మిషన్ మీద, దక్షిణాఫ్రికా నుంచి కోతల కోసం వచ్చిన రువాన్ రెండో లారీలో, మా బ్రిట్టా ట్రాక్టరు మీద. మిషన్ నిండగానే దాని పక్కన ట్రాక్టరు నడుపుతూ గింజని ట్రాలీలోకి పట్టడం దాని పని. మిషన్‌ని ఆపనివ్వదు, ఒక్క గింజ కింద పడనివ్వదు. ఎదురుగా కూర్చోబెట్టి చదివితేనే కదా దానికి చిరాకు, ఎవరి బండిలో వాళ్ళుండగా గాల్లో నా గొంతు వస్తే వినక ఏం చేస్తుంది అనుకున్నాను. మొదటి పొద్దున చదివాను. అధ్యాయం అయింది. అలవాటు కదా, బటన్ మీద వేలు అలాగే ఉంచి, బ్రిట్టా, ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం జరిగింది అన్నాను. ఏమీ లేదు. గాలి శబ్దం. మళ్ళీ అడిగాను. అప్పుడు గేలెన్ నెమ్మదిగా అన్నాడు, వదిలెయ్ ట్వైలా, పిల్ల సెట్టు కట్టేసుకుంది. అయినా రోజూ అడిగాను. ఓక్లహోమాలో అడిగాను, నెబ్రాస్కాలో అడిగాను. కోత మొదలయ్యేదాకా పిల్ల సెట్టు కట్టేసే ఉండేదట, గేలెన్ చెప్పేవాడు. రువాన్, డెల్మర్ మాత్రం వినేవాళ్ళు. రువాన్‌కి పెద్దవాళ్ళందర్నీ ఆంటీ అనడం అలవాటు. ఆంటీ, ఆ గడియారం మోసుకొచ్చినాయన మళ్ళీ వస్తాడా అని అన్నం దగ్గర అడిగేవాడు. బ్రిట్టా అప్పుడు బల్ల దగ్గర్నుంచి లేచి పోయేది. ఎవరికోసం చదివానో వాళ్ళు తప్ప అందరూ విన్నారు.

కిటికీ మీద ఎవరో తట్టారు. భారీ మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, నెత్తి మీద టోపీ ఉన్నంత మేర తెల్లగా, కింద ముఖమంతా కందిపోయి. నా వెనక లారీ ఆయనదట. ఆరిన్ అని పేరు చెప్పాడు, కాలువకి అవతల పొలాలు కోస్తున్న జట్టు. కాసేపు వాన గురించి మాట్లాడాడు, పొగ గురించి మాట్లాడాడు. నాకు మాట్లాడాలని లేదు, అయినా అద్దం దించి ఉంచాను. అప్పుడు టోపీ చేతిలో తిప్పుకుంటూ అడిగాడు.

"ఏమండీ, ఆ రేవు పిల్ల కథ చదివేది మీరేనా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. అది మా సెట్టు, మా సొంతం అన్నాను. ఆయన నవ్వాడు. ఇక్కడ గాలి అందరిదీనండీ, మీ మాటలు మాకు, మా బూతులు మీకు అన్నాడు. మా కుర్రాళ్ళు పొద్దున గ్రీజు కొట్టడం మానేసి మీ గొంతు కోసం కూర్చుంటున్నారు, నేను తిట్టడం మానేశాను, నేనూ వింటున్నాను గనక. ఒప్పుకోవాలంటే సంతోషించాల్సిన మాటే. ఆయన ఇంకా ఏదో అనబోయి ఆగి, మళ్ళీ అన్నాడు.

"చివర్లో మీరు పిలుస్తారు కదండీ, ఆ అమ్మాయిని. మా వాళ్ళందరూ ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. ఇవాళైనా పలుకుతుందేమోనని."

మోంటానాలోనే ఇలా అయితే కిందంతా ఏమిటి మరి. టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్, ప్రతి ఊళ్ళోనూ మా చుట్టూ ఎన్ని జట్లు, ఎన్ని బండ్లు. బ్రిట్టా, ఇప్పుడు నువ్వు చెప్పు. బ్రిట్టా, వింటున్నావా. బ్రిట్టా, పోనీ ఆ ముసలాయన పేరైనా చెప్పు. పదిహేనేళ్ళ పిల్లని పొద్దుపొద్దునే నిలబెట్టి అడిగాను, ఇంట్లో కాదు, దేశం మీద. దానికి తెలిసే ఉంటుంది. దానికి ఎప్పుడో తెలుసు, పెట్రోలు బంకుల దగ్గర ఎవరో కుర్రాడు నవ్వి ఉంటాడు, ఏమ్మా ఇవాళ చెప్పావా అని. ఇంటికొచ్చి నాతో ఒక్క మాట అనలేదు. నన్ను కాపాడింది. లేదా విసుగొచ్చి ఊరుకుంది. రెంట్లో ఏదో కూడా నాకు తెలీదు, కన్నతల్లిని. ఆరిన్ చెయ్యూపి తన లారీ దగ్గరికి పోయాడు. ఎర్ర లారీ దడదడలాడింది, బెల్టు బాగైందేమో, ఒక్క బండి పొడవు కదిలి మళ్ళీ ఆగాం.

ఏముంది ఈ పుస్తకంలో, అంతగా ఏముంది. నది, నదికి ఒక రేవు, తాడు పట్టి లాగే పంటు, మనుషుల్ని ఎక్కించుకునే బల్లకట్టు. పంటు నడిపేవాడికి కళ్ళు పోతాయి, కూతురు మారెన్ తాడందుకుంటుంది. రోజంతా మనుషుల్ని దాటిస్తుంది. సాయంత్రం అరుగు మీద కూర్చున్న తండ్రి అడుగుతాడు, ఇవాళ ఎవరు దాటారు? మారెన్ పక్కన కూర్చుని చెబుతుంది. బాతులామె దాటింది, కొత్త పెళ్ళికొడుకు దాటాడు, ఏమన్నారు, ఏం వేసుకున్నారు. తర్వాత పైన ఎక్కడో కొత్త దారి పడి రేవుకి మనుషులు రావడం తగ్గిపోతుంది. తండ్రి దిగులు పడతాడని ఆ పిల్ల కల్పించడం మొదలుపెడుతుంది. వీపు మీద గడియారం మోసుకొచ్చినవాణ్ణి, కుంటి గాడిదకి చెప్పులు కుట్టించినవాణ్ణి. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇది చదువుతుంటే నేను ఆ మనుషుల కోసమే వినేదాన్ని. చివరి అధ్యాయంలో నిజం బయటపడుతుంది. చుట్టంచూపుగా వచ్చినవాడెవడో, నెల నుంచీ రేవు ఖాళీయే కదా అని నోరు జారతాడు. తండ్రికి కోపమొస్తుంది, తర్వాత నవ్వొస్తుంది, తర్వాత వంతెన కట్టడానికి వచ్చిన తాపీ మేస్త్రీతో మారెన్‌కి పెళ్ళి. పెళ్ళిరోజు తండ్రి వంతెన రాళ్ళని చేత్తో తడుముతూ మెచ్చుకుంటాడు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. మంచి ముగింపు. నాకెప్పుడూ కళ్ళల్లో నీళ్ళొస్తాయి. బ్రిట్టా వింటే దానికీ వస్తాయనుకున్నాను. అంతే నా ఆశ, ఇంత పెద్ద కోతకాలం మొత్తానికి, ఆ పిల్ల కళ్ళల్లో ఒక్కసారి తడి.

సెట్టు గరగరమంది. గేలెన్, చివరి చాళ్ళు, చెరో రెండు అన్నాడు. డెల్మర్, అయితే ఇక మనం మనుషుల్లో పడొచ్చన్నమాట అన్నాడు. తర్వాత రువాన్.

"ఆంటీ, వినిపిస్తోందా? రాత్రికి ఎవరి దారి వాళ్ళదేగా. ఆ చివరిది చదివెయ్యరాదూ. ఆ పిల్ల ముసలాయనకి దొరికిపోతుందో లేదో తెలీకుండా నేను విమానం ఎక్కలేను."

చెయ్యి పుస్తకం మీదికి పోయింది. అవును, ఎందుకు చదవకూడదు, లైనులో ఉన్నాను, బండి ఆగి ఉంది. బ్రిట్టా వినదు, సెట్టు కట్టేసుకుంటుంది, అయినా చదువుతాను, రువాన్ కోసం చదువుతాను, ఆరిన్ కోసం చదువుతాను. పేజీ దొరికింది. వేలు బటన్ మీద పెట్టాను. నొక్కబోయే లోపు వేరే గొంతు వచ్చింది.

"అమ్మ లైనులో ఉంది, విసిగించకు. నేను చెప్తాలే."

నేను కదల్లేదు. వేలు బటన్ మీదే ఉంది, నొక్కితే నా సెట్టు మాట్లాడుతుంది, దాని మాట ఆగిపోతుంది. ఎంత తేలిగ్గా నొక్కుకుపోతుందో ఆ బటన్. వేలు ఎత్తడానిక్కూడా భయమేసింది.

"నీకు తెలుసా?" రువాన్ అన్నాడు. "నువ్వు కట్టేసుకుంటావుగా."

"కట్టేసుకున్నానని నాన్నకి చెప్పాను. విను ముందు. ఆ ముసలాయనకి కళ్ళే కదా పోయింది. చెవులు బానే ఉన్నాయిగా. పంటు కదిలితే తాడు కప్పీ మీద కీచుమంటుంది. ఆయన ఆ కీచు వింటూనే ముసలోడయ్యాడు. ఎవరు దాటినా కీచుమనాలి. కీచుమనలేదంటే ఎవరూ దాటలేదు. అంత వినపడదా ఆయనకి."

"అయ్యబాబోయ్," అన్నాడు డెల్మర్ నెమ్మదిగా. "అంటే తెలుసు."

"మొదటి రోజు నుంచీ తెలుసు."

ఇది పుస్తకంలో లేదు. కప్పీ ఉంది, తాడు ఉంది, రెండో అధ్యాయంలోనే ఉన్నాయి, నేనే చదివాను, ఎన్నోసార్లు చదివాను, పిల్ల చేతులు పొక్కాయని చెప్పడానికి రాశారు ఆ తాడుని, అంతే. నాకు ఎన్నడూ వినపడలేదు అది. అలా కాదు బ్రిట్టా, ఆయనకి చుట్టం చెబితేగానీ తెలీదు. నాలిక మీదికి వచ్చేసింది. గుర్రం ఏ రంగు, అన్న పేరేంటి. పళ్ళ మధ్య పెట్టుకుని కొరికి పట్టుకున్నాను నాలికని.

"మరి తెలిసి ఎందుకు అడుగుతాడు?" రువాన్ గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. "ఆ పిల్ల అంత కష్టపడి అబద్ధాలు అల్లుతుంటే, రోజూ ఎవరు దాటారు, ఎవరు దాటారు అని. పీక్కుతినడం కాదూ అది?"

ట్రాక్టరు ఇంజను వినిపించింది, అది బటన్ నొక్కే ఉంచింది. మిషన్ పక్కన నడుపుతూ మాట్లాడుతోంది, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక కన్ను గింజ మీద. నాకు తెలుసు ఎలా కూర్చుంటుందో, కాలు మడిచి, జుట్టు నోట్లో పెట్టుకుని.

"అడక్కపోతే ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చోదుగా," అంది. "ఆయనకి ఇంకేం అడగాలో తెలీదు."

వెనక నుంచి ఆరిన్ హారన్ కొట్టాడు. ముందు ఎర్ర లారీ లేదు. ఎప్పుడు పోయిందో, నా ముందంతా ఖాళీ, కాటా పిల్ల చేత్తో రా రా అంటోంది. వద్దు, ఇప్పుడు వద్దు, ఇంతసేపు ఆపి ఇప్పుడా. సెట్టులో అది అంటోంది, అయితే ఒకరోజు ఆ పిల్ల ఏం చేసిందంటే. గేరు వేశాను. వెయ్యక ఏం చెయ్యను, వెనక ఊరంత లైను. కాటా మీదికి ఎక్కాను, పైనుంచి గొట్టం దిగి గింజలో పొడుచుకుంది, తేమ చూస్తారు, కాటా పిల్ల ఏదో అడిగింది, తల ఊపాను. అక్కడ్నుంచి రేకుల షెడ్డులోకి. ఆ షెడ్డులో సెట్టు పలకదు, చుట్టూ ఇనుమే. గరగరలో ఒక ముక్క వచ్చింది, తాడు అనో, నాన్న అనో. తర్వాత అదీ లేదు. కింద తలుపులు తీశారు, గోధుమ జారిపోతోంది, దుమ్ము లేచి అద్దాలన్నీ కమ్మేసింది. నా కూతురు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనంతట తను కథ చెబుతోంది, జిల్లా మొత్తం వింటోంది, నేనొక్కదాన్ని గోధుమ ఖాళీ అయ్యేదాకా చెవిటిదాన్నై కూర్చున్నాను. సెట్టుని చేత్తో కొట్టాను. ఎందుకు కొట్టానో. చెవి దానికి ఆనించి పెట్టుకున్నాను, గరుకుగా వేడిగా ఉంది.

పందెం గెలిచాను. అప్పుడు తట్టింది నాకు, ఆ దుమ్ములో. తర్వాతేమైందో తెలుసుకోవాలని ఉంటే చలికాలం నా దగ్గరే అన్నాం. తెలుసుకోవాలని ఉండటమేమిటి, అది తర్వాతది కూడా తనే అల్లుకుంది. సాక్షులు కూడా ఉన్నారు. బయటికి వెళ్ళి బటన్ నొక్కి, విన్నావన్నమాట, ఓడిపోయావే బ్రిట్టా అంటే చాలు, అది మాట తప్పే పిల్ల కాదు. పసుపు కర్టెన్లు వదినకే ఉంటాయి. మాట ఇచ్చానంటే ఇచ్చానే అని సామాను దింపుకుంటుంది. మళ్ళీ భోజనాల బల్ల తుడిచి ఎదురెదురుగా కూర్చుంటాం. నేను చదువుతాను. నేను అడుగుతాను. అది పక్కన కూర్చుని చెబుతుంది, ఎవరో ఒకరు దాటారని. గెలవడం ఇంత చేతకాని పని అని నాకెవరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది, దుమ్ము ఉంది కాబట్టి ఆపుకోలేదు.

షెడ్డు దాటి ఎండలోకి వచ్చేసరికి సెట్టు నిశ్శబ్దంగా ఉంది. పక్కకి తీసి ఆపాను. ఎవరూ మాట్లాడట్లేదు. ఇంజన్ల శబ్దం కూడా లేదు, చాళ్ళు అయిపోయాయేమో. బటన్ నొక్కాను.

"బ్రిట్టా, నేను షెడ్డులో ఉండిపోయాను. చివర వినలేదు. ఏమైంది?"

ఆ ప్రశ్న దాన్ని ఎన్ని వేలసార్లు అడిగానో. జవాబు నాకు తెలీకుండా అడగడం మాత్రం ఇదే మొదటిసారి. అది ఎప్పటిలాగే, మూడు ముక్కల్లో చెప్పింది.

"పంటెక్కింది. అవతలి ఒడ్డుకి పోయింది. ఆయన కీచు విన్నాడు."

"అంతేనా?" అన్నాను.

"అంతే."

డెల్మర్ దగ్గాడు. ఆయనకి డెబ్భై దాటాయి, సంగతి సరిగ్గా తేల్చుకోకుండా ఏ పొలమూ వదలడు.

"పుస్తకంలో అలాగే ఉందా ట్వైలా? లేక పిల్ల తన సొంతంగా చెబుతోందా?"

అందరూ ఆగారు. అద్దంలో ఆరిన్ కనిపిస్తున్నాడు, కాటా మీద, చెవి దగ్గర సెట్టు పట్టుకుని. బ్రిట్టా కూడా ఆగింది, నేనేం దిద్దుతానో చూద్దామని. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది, చివరి పేజీ, పెళ్ళిరోజు, వంతెన రాళ్ళు తడుముతున్న చేతులు. మా అమ్మమ్మ పెన్సిలుతో పక్కన గీత గీసుకుంది కూడా. దూరంగా రోడ్డు మీద దుమ్ము లేస్తోంది, మార్లిస్ వదిన ఎప్పుడూ కాస్త ముందే వస్తుంది.

"అలాగే ఉంది," అన్నాను.